ఇసకలో కలిపే జిగురు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం లీడరు చేసిన ప్రసంగ పాఠం)



పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు కార్యదర్శి గారు చదివేశారు. నన్ను మాట్లాడమన్నది వేరే సంగతి. ఈ సంవత్సరం ఫౌండ్రీ పని మీద మన సంఘాలకి రెండు కబుర్లు వచ్చాయి. మొదటిది, విశాఖ వైపు ఒక కార్ఖానాలో కోర్లు చేసే పనికి ఆడవాళ్ళు కావాలి, చదువు లేకపోయినా పరవాలేదు అని. రెండోది ఒక వ్యాపారి తెచ్చిన మాట. ఫౌండ్రీ ఇసకలో కలపడానికి "పర్యావరణానికి మేలు చేసే బైండరు" అని ఒక పొడి ఉంది, దాన్ని మీ ఊళ్ళోనే మీరు తయారుచేయండి, సరుకంతా మేమే కొనుక్కుంటాం, సంఘానికి రెండు లక్షలు అప్పు పెట్టుకుంటే చాలు అన్నాడు. ఈ రెండూ ఏమిటో తెలుసుకుని రమ్మని మా గ్రామ సంఘం నన్ను, ఇంకో ఇద్దరు సభ్యులని పంపింది. మేం చూసింది, అడిగింది, పుస్తకాలు చదివినవాళ్ళ చేత చెప్పించుకున్నది మీ ముందు పెడతాను. అప్పు సంగతి ఈ సభే తేల్చాలి. అందుకని కొంచెం ఓపిక పట్టండి. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే.

ఫౌండ్రీ అంటే పోత పోసే చోటు. మన పాత కుట్టు మిషను ఒళ్ళు, గానుగ రోళ్ళు, మోటారు పంపు డొక్క, పట్నంలో మురుగు కాలవ మీద మూత, ఇవన్నీ పోత ఇనుమే. ముందు వస్తువు ఆకారంలో చెక్క నమూనా చేస్తారు. దాన్ని పెట్టెలో పెట్టి చుట్టూ ఇసక దట్టిస్తారు. నమూనా జాగ్రత్తగా పైకి తీసేస్తే దాని ఆకారంలో ఖాళీ మిగుల్తుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇనుము పోస్తారు. పోసేటప్పుడు ఇనుము వేడి 1,300 నుంచి 1,400 డిగ్రీలు ఉంటుంది. వినాయక చవితికి అచ్చులో మట్టి నొక్కి బొమ్మ తీస్తాం కదా, ఇక్కడ ఇసకే అచ్చు.

మరి పంపు లోపల నీళ్ళు పోయే దారి బోలుగా ఉండాలి. ఆ బోలు ఎలా వస్తుంది? ఇసకతోనే ఒక దిమ్మ చేసి అచ్చు మధ్యలో నిలబెడతారు. దాన్నే కోరు అంటారు. ఇనుము దాని చుట్టూ గడ్డకడుతుంది. చల్లారాక లోపలి ఇసక దిమ్మని పొడిచి రాల్చేస్తారు. గారెకి చిల్లు మనం పిండిలో వేలితో పెడతాం. అక్కడ చిల్లు ముందు తయారవుతుంది, గారె తర్వాత వస్తుంది.

ఇసకకి తనంతట తనకి పట్టు ఉండదు. తడి ఆరితే జారిపోతుంది. అందుకని ఏదో ఒక జిగురు కలపాలి, ఆ జిగురునే బైండరు అంటారు. దానికి వాళ్ళు పెట్టే షరతులు వింటే నవ్వొచ్చింది. ఇనుము పోసేదాకా కోరు రాయిలా నిలబడాలి. ఇనుము గడ్డకట్టాక అదే కోరు పొడిగా విడిపోవాలి. పోసేటప్పుడు గాలి ఎక్కువ పుట్టించకూడదు, పుట్టిస్తే ఇనుములో బుడగలు పడి వస్తువు పనికిరాదు. ధర తక్కువ ఉండాలి. కొత్త కోడలికి కూడా ఇన్ని షరతులు పెట్టరు.

బయటి అచ్చుకి ఎక్కువగా వాడేది మట్టే. బెంటొనైట్ అనే మెత్తని మట్టి, గుజరాత్‌లో కచ్ వైపు, రాజస్థాన్‌లో బార్మేర్ వైపు తవ్వుతారు. నూరు పాళ్ళ కలుపులో ఆ మట్టి ఆరు నుంచి పది పాళ్ళు, నీళ్ళు మూడు నాలుగు పాళ్ళు, కొంచెం బొగ్గు పొడి, మిగిలిందంతా ఇసక. దీన్ని గ్రీన్ శాండ్ అంటారు. ఆకుపచ్చ అనుకోకండి, పచ్చి ఇసక అని దాని అర్థం. చూస్తే నల్లగా ఉంటుంది. గ్రీన్ అన్నారు కదా అని పర్యావరణానికి మంచిదనుకుంటే పొరపాటే, అందులో వేసే బొగ్గు పొడి కాలినప్పుడు బెంజీన్ లాంటి చెడ్డ ఆవిర్లు వస్తాయి. అయినా మట్టి పట్టు పాతకాలం నుంచి ఉన్నదే. ఆదిలాబాద్ వైపు ఓజా కులంవాళ్ళు డోక్రా ఇత్తడి బొమ్మలు చేస్తారు. వాళ్ళకి మట్టీ మైనమే ఆధారం. మైనం తీగలతో బొమ్మ చుట్టి, పైన మట్టి పూసి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలోకి ఇత్తడి దిగుతుంది. ఆ బొమ్మలకి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అందులో డబ్బాలో వచ్చే జిగురేమీ లేదు.

చిక్కంతా కోరుతో ఉంది. కోరు సన్నగా, వంకరగా ఉంటుంది, చుట్టూ ఇనుము కమ్ముకుంటుంది, మట్టి పట్టు దానికి చాలదు. అక్కడ రసాయనాలు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జర్మనీలో యోహానెస్ క్రోనింగ్ అనే ఆయన ఇసకలో ఫినాల్ రెజిన్ కలిపి, వేడి నమూనా మీద పోసి, గుడ్డు పెంకులాంటి పల్చటి అచ్చు తీసే పద్ధతి కనిపెట్టాడు. తర్వాత ఫ్యూరాన్ రెజిన్ వచ్చింది, కోల్డ్ బాక్స్ వచ్చింది. కోల్డ్ బాక్స్‌లో రెండు రకాల ద్రవాలు ఇసకలో కలిపి, పెట్టెలో నింపి, అమీన్ అనే ఆవిరి పంపిస్తారు. కొన్ని క్షణాల్లో కోరు గట్టిపడుతుంది. పొయ్యి అక్కర్లేదు, ఎండబెట్టక్కర్లేదు, రోజుకి వేల కోర్లు తీయొచ్చు. కార్ఖానావాళ్ళు ఎందుకు ఇష్టపడరు? వాళ్ళ లెక్క వాళ్ళది.

ఆ ఆవిరి కుళ్ళిన చేప వాసన వేస్తుంది. ఎక్కువ సేపు తగిలితే కళ్ళ ముందు మంచు కమ్మినట్టు, దీపం చుట్టూ వలయం కట్టినట్టు కనిపిస్తుంది. ఫార్మాల్డిహైడ్ ఉన్న రెజిన్ అయితే కళ్ళు, ముక్కు మండుతాయి, చర్మం రేగుతుంది. ఇనుము పోసినప్పుడు ఆ రెజిన్ కాలి బెంజీన్, ఫినాల్ ఆవిర్లు లేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒకటి ఉంది. అది ఇనుము, ఉక్కు పోత పనిని 1987లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో పెట్టింది. గాలిలో ఎగిరే సిలికా ధూళిని 1997లో, ఫార్మాల్డిహైడ్‌ని 2004లో ఆ మొదటి వర్గంలోనే చేర్చింది. అక్కడ చేసిన ప్రతి ఒక్కరికీ జబ్బు వస్తుందని కాదు, రుజువు గట్టిగా ఉందని దాని అర్థం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, చాలా చోట్ల కోర్ల గదిలో పనిచేసేది ఆడవాళ్ళే. కొలిమి దగ్గర, పోత దగ్గర మగవాళ్ళు ఉంటారు. చిన్న చిన్న కోర్లు విరగకుండా తీయడం, అంచులు సాపు చేయడం, రంగు పూత పూయడం ఓపిక పని, వేళ్ళ పని. అందుకని ఆడవాళ్ళని పెడతారు. ఆ జిగురు అందరికన్నా ముందు తగిలేది ఆ చేతులకి. మన మండలం నుంచి ఒక చెల్లి ఒక కార్ఖానాలో అలాగే చేరింది. కార్ఖానా పేరు ఇక్కడ అనవసరం. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆమె వేళ్ళ సందుల్లో తోలు ఊడి ఉంది, ముగ్గు పిండి పట్టుకుంటే మంట అంది. ఏం కలుపుతారే అని అడిగాను. "ఎర్ర డబ్బాలోది ఒకటి, తెల్ల డబ్బాలోది ఒకటి అక్కా" అంది. పది నెలలు చేతులతో కలిపిన మనిషికి తెలిసింది డబ్బా రంగు. పేరు ఎవరూ చెప్పలేదు, ఆమెకి అడగొచ్చని తెలియదు.

ఇప్పుడు మన సరుకు దగ్గరికి వద్దాం. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పెద్దవాటిలో ఒకటని మీకు చెప్పక్కర్లేదు. చెరుకు ఫ్యాక్టరీలో పంచదార తీశాక మిగిలే నల్లటి చిక్కటి మడ్డి, మొలాసిస్ అంటారు కదా, టన్ను చెరుకుకి సుమారు 40 నుంచి 45 కిలోలు వస్తుంది. అందులో సగం దాకా పంచదారే, కాకపోతే గడ్డకట్టదు. ఈ మడ్డి ఫౌండ్రీల్లో ఎప్పటినుంచో వాడే బైండరు. కొత్తగా కనిపెట్టింది కాదు. రసాయన రెజిన్లు రాకముందు కోరుకి మడ్డి, పిండి జిగురు, అవిసె నూనె, ఇవే ఆధారం. ఇప్పుడు మళ్ళీ పర్యావరణం పేరుతో వీటి వైపు చూస్తున్నారు.

నేను ఇంట్లో ఈ మాట చెప్తే మా అత్త "ఇసకకి బెల్లమేటే?" అని నవ్వింది. తాపీ పని చేసిన మా మావగారు మాత్రం నవ్వలేదు. పాత మేడలకి సున్నం గానుగ ఆడేటప్పుడు బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసేవారమ్మా, అన్నారు. అది ఎలా పట్టు ఇస్తుందో మనకి తెలియనిదేం కాదు. నువ్వుండలు చేసేటప్పుడు పాకం లేతగా ఉంటే ఉండ కట్టదు, ముదురు పాకమైతే రాయిలా బిగుస్తుంది. నువ్వుల బదులు ఇసక రేణువులు అనుకోండి. వందకి రెండు మూడు పాళ్ళు మడ్డి, కొంచెం నీళ్ళు కలిపి, కోరు చేసి, పొయ్యిలో 150 నుంచి 200 డిగ్రీల దాకా ఆరబెడితే రేణువు రేణువుకీ మధ్య పాకం బిగుసుకుంటుంది. ఇనుము పోశాక ఆ వేడికి పాకం కాలి బొగ్గయిపోతుంది, పట్టు పోతుంది, కోరు రాలిపోతుంది. వాళ్ళు అడిగిన షరతు అదే కదా.

మేం ముగ్గురం చేసి కూడా చూశాం. ఏటి ఇసక కడిగి, ఎండబెట్టి, జల్లించి, వంద చెంచాలకి మూడు చెంచాల మడ్డి కలిపి, చిన్న గ్లాసులో దట్టించి తీసి, పెనం మీద సన్న సెగన ఆరబెట్టాం. తెల్లారేసరికి నేలకేసి కొట్టినా ముక్కలవ్వలేదు. ఒకటి నిప్పుల్లో వేశాం. బెల్లం మాడిన వాసన వచ్చింది, కాసేపటికి చీపురుపుల్లతో తాకితే నల్లగా రాలిపోయింది. ఇంకొకటి అరుగు మీద వదిలేశాం. అది శ్రావణమాసం, ముసురు. రెండో రోజుకి మెత్తబడిపోయింది, చుట్టూ చీమలు.

ఆ మూడో ఉండ చెప్పిన సంగతి ఆ వ్యాపారి చెప్పలేదు. మడ్డి గాలిలో చెమ్మ పీల్చుకుంటుంది. మన కోస్తాలో వానాకాలం నాలుగు నెలలు దీంతో కోరు చేస్తే అదే రోజు వాడుకోవాలి, లేదంటే వెచ్చటి గదిలో దాచాలి. చెమ్మ కోరు మీద కరిగిన ఇనుము పడితే ఆవిరి పుట్టి ఇనుము ఎగజిమ్ముతుంది, దగ్గరున్నవాళ్ళకి ప్రమాదం. మడ్డి నిలవ ఉంటే పులుస్తుంది. ఆరబెట్టడానికి పొయ్యి ఖర్చు ఉంటుంది. పిండి జిగురుకి కూడా చెమ్మ బాధ ఉంది. మొక్కజొన్న పిండి, కర్రపెండలం పిండి, పిండిని వేయించి చేసే డెక్స్ట్రిన్, ఇవన్నీ ఫౌండ్రీల్లో వాడతారు. కర్రపెండలం అంటే సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లులకి వెళ్ళే సరుకే. చీరకి పెట్టిన గంజి వాన జల్లుకి ఏమవుతుందో అందరికీ తెలుసు కదా.

విషం తక్కువా అంటే, అవును, చాలా తక్కువ. కలిపేటప్పుడు చేతికి అంటేది బెల్లం మడ్డే, కడిగితే పోతుంది. కానీ అసలు పొగే రాదు అని ఎవరైనా చెప్తే నమ్మకండి. గాలి చాలకుండా ఏది కాలినా కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, మనిషిని పడేస్తుంది. మడ్డి కోరు వాడే చోట కూడా పైన గాలి బయటికి లాగే ఏర్పాటు ఉండాలి. ఇంకోటి, చెట్టు నుంచి వచ్చింది కాబట్టి మంచిది అనే మాట. ఫ్యూరాన్ రెజిన్‌కి మూలమైన సరుకు దేనితో చేస్తారో తెలుసా? మొక్కజొన్న కండెలు, చెరుకు పిప్పి. పుట్టుక పొలంలోనే. అయినా దాంట్లో ఫార్మాల్డిహైడ్ కలుస్తుంది, గట్టిపరచడానికి గంధకం ఉన్న ఆమ్లం వేస్తారు, పోసినప్పుడు ఆ గంధకం ఘాటు పొగగా వస్తుంది. అందుకని "ప్రకృతి నుంచి తీసింది" అని సంచి మీద రాసి ఉంటే సరిపోదు, ఇంకేం కలిపారు అని అడగాలి.

మడ్డి కాక ఇంకా దారులు ఉన్నాయి. సోడియం సిలికేట్ అని ఒకటి, నీళ్ళలో కరిగిన గాజు అనుకోండి. ఇసకలో కలిపి బొగ్గుపులుసు వాయువు పంపితే వెంటనే బిగుస్తుంది, సోడా బుడ్డిలో ఉండే గ్యాసే అది. వాసన లేదు, పొగ చాలా తక్కువ. మన దేశంలో చిన్న ఫౌండ్రీలు కూడా వాడతాయి. దాని లోపం ఏమిటంటే పోశాక విడిపోదు, సుత్తి, ఉలి పట్టుకుని కొట్టాలి. దానికి విరుగుడుగా అందులో కొంచెం మడ్డి కలుపుతారు! వేడికి మడ్డి కాలిపోయి గాజు పట్టులో కన్నాలు పెడుతుంది. ఇది విన్నప్పుడు నాకు భలే సంతోషం వేసింది. మన మడ్డి ఒక్కతే నిలబడలేని చోట ఇంకోదానికి తోడుగా పనికొస్తోంది. జర్మనీలో బీఎండబ్ల్యూ కార్ల కంపెనీ లాండ్స్‌హూట్ అనే ఊళ్ళో తన ఫౌండ్రీలో ఇలాంటి సిలికేటు జాతి బైండర్లకే మళ్ళింది, పొగ నూటికి 98 పాళ్ళు తగ్గిందని ఆ కంపెనీయే చెప్పుకుంటుంది. అమెరికాలో జనరల్ మోటార్స్ పశువుల ఎముక, తోలు నుంచి వచ్చే జెలటిన్ లాంటి జిగురుతో ఒక బైండరు తయారుచేసింది. అంత పెద్ద కంపెనీలు ఈ దారి వెతుకుతున్నాయంటే గిరాకీ పెరుగుతుందనే నా నమ్మకం.

ఇంత చెప్పి ఒక్కటి చెప్పకపోతే అన్యాయం. జిగురు ఏదైనా ఇసక ఇసకే. ఎండిన ఇసక ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది, వచ్చాక మందు లేదు. క్రషర్ దగ్గర రాయి పొడి పీల్చేవాళ్ళ దగ్గు మనం విన్నాం. కోరు రాల్చే చోట, అచ్చు పగలగొట్టే చోట అదే ధూళి. ఇది డాక్టరు గుర్తిస్తే ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బు అని 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లోనే చేర్చారు. బెల్లం బైండరు వాడుతున్నాం కాబట్టి మాస్కు అక్కర్లేదు అనే మాట చెల్లదు. నీళ్ళు చల్లి పనిచేయాలి, ముక్కుకి సరైన మాస్కు ఉండాలి. పవిటకొంగు ఆపేది కాదు ఆ ధూళి.

ఇక వ్యాపారి లెక్క. కిలోకి మూడు రూపాయలు మిగులుతుంది అన్నాడు. ఆయన మాటే నిజం అనుకుందాం. ఒక చిన్న ఫౌండ్రీ రోజుకి టన్ను కోరు ఇసక వాడుతుంది అనుకుందాం. నూటికి మూడు పాళ్ళ చొప్పున రోజుకి 30 కిలోల బైండరు. నెలకి 25 రోజులు పని అంటే 750 కిలోలు. మిగులు 2,250 రూపాయలు. పది మంది సంఘంలో తలకి 225. రెండు లక్షల అప్పు 24 నెలల్లో తీర్చాలంటే అసలే నెలకి 8,333 కట్టాలి. వడ్డీ వేరే. అంటే అప్పు అసలు తీరడానికే అలాంటి ఫౌండ్రీలు నాలుగు మన దగ్గరే, నెల నెలా, తప్పకుండా కొనాలి. మన కూలి అప్పటికీ రాదు. నాలుగు ఫౌండ్రీల పేర్లు చెప్పండి, వెళ్ళి మాట్లాడతాం అంటే, ముందు అప్పు తీసుకోండి తర్వాత చెప్తాం అన్నాడు. పొడిలో ఏముంది అంటే కంపెనీ రహస్యం అన్నాడు. ఆ పొడి కలిపేది మన చేతులు, రహస్యం ఆయనది.

మడ్డి కొనడానికి కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సారా కాస్తారనే భయంతో మొలాసిస్, నల్లబెల్లం ఎక్సైజ్ వాళ్ళ కంట్లో ఉండే సరుకులు. అనుమతి, బిల్లు లేకుండా డ్రమ్ముల లెక్కన ఊళ్ళో నిలవ పెడితే ఫౌండ్రీ కోసం అంటే ఎవరు నమ్ముతారు? సంఘం పేరు స్టేషన్‌కి ఎక్కుతుంది.

అలా అని నేను తలుపు మూసేయమనడం లేదు. మన జిల్లాలోనే ఏటికొప్పాక ఉంది. లక్క బొమ్మలకి రసాయన రంగులు వదిలి, చెట్ల నుంచి తీసిన రంగులకి మళ్ళేలా సి.వి. రాజు గారు ఎన్నో ఏళ్ళు పనివాళ్ళతో కలిసి కష్టపడ్డారు. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేని బొమ్మ అని పేరొచ్చింది, 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఒక్క రోజులో, ఒక్క అప్పుతో అయింది కాదు. ఏ చెట్టు ఏ రంగు ఇస్తుందో, ఎండకి నిలుస్తుందో లేదో ముందు చేసి చూసుకున్నారు. మనకి ఉన్న బలం బెల్లం వండే చేతులు, పాకం కంటితో చూసి చెప్పగల అత్తలు. అనకాపల్లిలో చెరుకు పరిశోధన కేంద్రం ఉంది, బెల్లం మీద అక్కడ చాలా పని జరుగుతుంది. విశాఖలో ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇసక పట్టు కొలిచే మిషన్లు ఉంటాయి. మన ఉండని నేలకేసి కొట్టి చూసినట్టు కాకుండా, ఎంత బరువుకి విరుగుతుందో, ఎంత గాలి పుట్టిస్తుందో అంకెల్లో చెప్తాయి. ఫౌండ్రీ వాళ్ళు నమ్మేది ఆ కాగితాన్నే.

ఉద్యోగాల మాటకి వస్తే, వద్దని నేను చెప్పలేను. నెల జీతం చేతికి వస్తే ఆ ఇంట్లో ఎంత తేడా వస్తుందో నాకు తెలుసు. కానీ మన అమ్మాయి బస్సు ఎక్కే ముందు గ్రామ సంఘం అడగాల్సినవి అడగాలి. మీ కోర్ల గదిలో జిగురు పేరేమిటి? దాని సేఫ్టీ డేటా షీటు, అంటే జాగ్రత్తల కాగితం, చూపిస్తారా? గాలి లాగే ఫ్యాను ఆ బల్ల దగ్గరే ఉందా, గది ఆ చివర ఉందా? చేతి తొడుగులు ఎన్నాళ్ళకి మారుస్తారు? ఈఎస్ఐ, పీఎఫ్ మొదటి నెల నుంచే ఉందా? కడుపుతో ఉన్నప్పుడు వేరే పనికి మారుస్తారా? ప్రమాదమైన రసాయనాలు వాడే ఫ్యాక్టరీ వాటి సంగతి పనివాళ్ళకి చెప్పి తీరాలని 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ చేశారు. కాబట్టి ఇది మనం దయ అడగడం కాదు. జవాబు చెప్పిన చోటికి పంపుదాం. నవ్వి ఊరుకున్న చోటికి, మీరు ఆడవాళ్ళు మీకెందుకమ్మా అన్న చోటికి వద్దు. ఈ ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి, మా వీఓఏ చెల్లి చేత జిరాక్సులు తీయించాను. వెళ్ళేటప్పుడు ప్రతి గ్రామ సంఘం నుంచి ఒకరు తీసుకెళ్ళండి. చదవడం రానివాళ్ళకి సంఘం మీటింగులో చదివి వినిపించాలి.

ఇప్పుడు సభ ముందు మా గ్రామ సంఘం పెడుతున్న తీర్మానం. రెండు లక్షల అప్పుతో ఆ పొడి వ్యాపారానికి ఏ సంఘమూ ఈ సంవత్సరం దిగకూడదు. దాని బదులు సమాఖ్య నిధి నుంచి ఆరు వేల రూపాయలకి మించకుండా పరీక్ష ఖర్చు ఇవ్వాలి. బిల్లు మీద కొన్న మడ్డి, కర్రపెండలం పిండి, రెండూ కలిపింది, ఇలా మూడు రకాల కోర్లు చేసి కాలేజీలో పట్టు కొలిపించాలి, ఒకసారి ఎండాకాలంలో, ఒకసారి శ్రావణంలో. ఆ కాగితాలు పట్టుకుని గాజువాక ఆటోనగర్ వైపు చిన్న ఫౌండ్రీలకి మనమే వెళ్ళి అడగాలి. కొనేవాళ్ళు దొరికితే అప్పు మాట వచ్చే మహాసభలో.

పరీక్ష పనికి నాతో రావడానికి బెల్లం వండడం తెలిసిన ఇద్దరు కావాలి, బస్సు ఛార్జీలు సమాఖ్య ఇస్తుంది, భోజనం క్యారేజీ మనదే. పేర్లు కార్యదర్శి గారికి చెప్పండి. ముందు తీర్మానం. అప్పు వద్దు అనేవాళ్ళు చేతులెత్తండి, వీఓఏ చెల్లి లెక్క రాసుకుంటుంది. తర్వాత అప్పు తీసుకుందాం అనేవాళ్ళు కూడా మొహమాటం లేకుండా ఎత్తండి, వాళ్ళ మాట కూడా విని, మినిట్స్ పుస్తకంలో రాసి, సంతకాలు చేసుకుందాం.